షుగర్ ఉన్న పిల్లికి ఇంట్లోనే ఇన్సులిన్, తిండి: మొదటి రోజు నుంచి పాటించాల్సిన పద్ధతి

మీ పిల్లికి షుగర్ ఉందని డాక్టర్ చెప్పారు. ఇన్సులిన్ రాసిచ్చి, రోజుకు రెండుసార్లు వేయమన్నారు. ఇంటికొచ్చి సీసా ఫ్రిజ్‌లో పెట్టాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడ గుచ్చాలి, తినకపోతే ఏం చేయాలి, షుగర్ డౌన్ అయితే మనకెలా తెలుస్తుంది? భయపడాల్సిన పని లేదు. వైద్యం తెలియని వాళ్ళు కూడా ఈ పనిని చక్కగా చేసుకుంటున్నారు. కొద్ది రోజుల్లో చేతికి అలవాటవుతుంది, పిల్లికీ అలవాటవుతుంది.

ఒక్క విషయం మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. ఒక పూట ఇన్సులిన్ తప్పితే పిల్లికి పెద్ద నష్టం ఉండదు. అదే ఒక పూట రెండు డోసులు పడినా, ఏమీ తినని పిల్లికి పూర్తి డోసు పడినా కొన్ని గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఏ కాస్త అనుమానం వచ్చినా సూది వేయకుండా ఆగి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఈ వ్యాసంలోని జాగ్రత్తలు చాలావరకు దీని కోసమే.

ముందు డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి

పిల్లులకు భయం వేస్తే కూడా షుగర్ పెరుగుతుంది. బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్ళి, కుక్కలు మొరిగే చోట అరగంట కూర్చోబెడితే ఏ రోగమూ లేని పిల్లికి కూడా 300 దాటవచ్చు. కాబట్టి ఆస్పత్రిలో తీసిన ఒక్క రీడింగ్‌తో నిర్ధారణ అయిపోయిందని అనుకోకండి. మూత్రంలో గ్లూకోజ్ ఉందా అని చూడాలి, వీలైతే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించాలి. ఇది గత రెండు వారాల సగటు చెబుతుంది, ఆ రోజు పడిన భయం దీని మీద పనిచేయదు. ఇంట్లో లక్షణాలు కూడా కనిపించాలి: నీళ్ళు ఎక్కువగా తాగడం, లిట్టర్ ట్రేలో పెద్ద పెద్ద ముద్దలు, బాగా తింటున్నా చిక్కిపోవడం. కొన్ని పిల్లులు వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నందుకు వచ్చే నడక. షుగర్ అదుపులోకి వస్తే నెమ్మదిగా, కొన్ని నెలల్లో చాలావరకు మెరుగవుతుంది.

దురదకో, ఆస్తమాకో ఇంతకుముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించి ఉంటే తప్పకుండా చెప్పండి. షుగర్ రావడానికి అదే కారణం కావచ్చు. పళ్ళ చిగుళ్ళ జబ్బు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇన్సులిన్ సరిగా పనిచేయదు. వాటికీ వైద్యం జరగాలి.

బయటకు వచ్చేముందు ఈ సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు, దానికి ఏ సిరంజి, పిల్లి సగమే తింటే ఎంత, అసలు తినకపోతే ఎంత, అర్ధరాత్రి ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి. మన చిన్న ఊళ్ళలో పశువైద్యులకు గేదెలు, మేకలతోనే పని ఎక్కువ కాబట్టి షుగర్ పిల్లిని చూసిన అనుభవం తక్కువ ఉండొచ్చు. అలాంటప్పుడు తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఒకసారి చూపించుకుని, రోజువారీ సందేహాలకు మీ ఊరి డాక్టర్‌ని అడగడం మంచి పద్ధతి.

సిరంజి మూత రంగు చూడండి

ఇంట్లో జరిగే పెద్ద ప్రమాదాల్లో ఒకటి ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మన దేశంలో ఇన్సులిన్ ముఖ్యంగా రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది యూ-40, 100 యూనిట్లు ఉండేది యూ-100. దేనికి దాని సిరంజి విడిగా ఉంటుంది. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ రంగు మూత. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ (లాంటస్, బేసలాగ్ లాంటివి) యూ-100. జంతువుల కోసమే తయారయ్యే క్యానిన్సులిన్, ప్రోజింక్ యూ-40.

గ్లార్జిన్‌ని ఎర్ర మూత సిరంజిలో ‘1’ గీత దాకా తీశారనుకోండి. పిల్లికి వెళ్ళేది 1 యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల పిల్లికి అది ప్రమాదకరమైన డోసు. మందుల షాపులో “ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి” అంటే ఏది చేతికి దొరికితే అది ఇచ్చేస్తారు. ఇంట్లో తాతగారికో అమ్మమ్మకో ఇన్సులిన్ వాడుతుంటే ఆ సిరంజిలు కూడా అదే డబ్బాలో కలిసిపోతాయి. పిల్లివి వేరే డబ్బాలో పెట్టి, మీద పెద్దక్షరాలతో రాసుకోండి. గ్లార్జిన్ సీసా మీద “100 ఐయూ/ఎంఎల్” అని ఉందో లేదో కొన్న ప్రతిసారీ చదవండి. గ్లార్జిన్‌లోనే టౌజియో అని 300 యూనిట్ల రకం కూడా ఉంది. పేరు గ్లార్జినే కదా అని షాపువాళ్ళు అది ఇస్తే తీసుకోవద్దు.

ఇంకో చిక్కుంది. 1 మి.లీ. యూ-100 సిరంజి మీద గీతలు రెండేసి యూనిట్లకు ఒకటి ఉంటాయి. దాంతో 1 యూనిట్ కొలవడమంటే గుడ్డిగా అంచనా వేయడమే. 0.3 మి.లీ. సిరంజి అడగండి. అర యూనిట్ గీతలున్నది దొరికితే ఇంకా మంచిది. ధర ఎక్కువైనా అదే కొనండి. ఇన్సులిన్ పెన్ను మామూలుగా ఒక్కో యూనిట్ చొప్పున తిరుగుతుంది కాబట్టి అర యూనిట్ మార్చాల్సి వచ్చినప్పుడు పనికిరాదు.

చాలా పిల్లులకు మొదట 12 గంటలకోసారి 1 యూనిట్‌తో మొదలుపెడతారు. మనుషుల డోసుతో పోల్చి “ఇంతేనా” అనిపించొచ్చు, కానీ పిల్లికి అది సరిపోతుంది. తర్వాత పెంచినా తగ్గించినా అర యూనిట్ చొప్పునే మారుస్తారు. మార్చాక కనీసం 5 నుంచి 7 రోజులు ఆగి చూస్తారు. ఒక రోజు 350 వచ్చిందని సొంతంగా డోసు పెంచవద్దు. ఇంట్లో ఉన్న మనుషుల షుగర్ బిళ్ళలు పిల్లికి అసలే వేయవద్దు.

ఇన్సులిన్‌ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, ఐస్ పేరుకునే గోడకు ఆనించవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. వేసవిలో రెండు మూడు గంటలు కరెంటు పోతే కంగారు పడకండి, ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే చాలు. ప్రయాణంలో ఐస్ ముక్కలకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి. మబ్బుగా మారితే పారేయండి. పాలలా ఉండే రకాలను వాడేముందు ఎలా కలపాలో ఆ సీసాతో వచ్చిన కాగితంలో ఉంటుంది, అలాగే చేయండి. సీసా తెరిచిన తేదీని దాని మీద రాయండి. గ్లార్జిన్‌ని తెరిచాక 28 రోజులు వాడమని లేబుల్ చెబుతుంది.

తిండి మార్చకుండా షుగర్ అదుపులోకి రావడం కష్టం

పిల్లి శరీరం మాంసం మీద బతికేలా ఏర్పడింది. పిండి పదార్థాలను అరిగించుకుని, వచ్చిన చక్కెరను సర్దుబాటు చేసుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. మన ఇళ్ళలో పిల్లికి పెట్టేవి మాత్రం పాలన్నం, పెరుగన్నం, టీతో పాటు తిన్న బిస్కెట్ ముక్క. షుగర్ పిల్లికి ఇవన్నీ ఆపేయాలి. పాలలో కూడా చక్కెర ఉంటుంది.

తినే కేలరీల్లో పిండి పదార్థాల నుంచి వచ్చేవి 12 శాతం దాటకుండా చూడటం లక్ష్యం. ప్యాకెట్ వెనక ఈ అంకె రాయరు, మనమే లెక్క వేసుకోవాలి. 100 లోంచి ప్రోటీన్, కొవ్వు, తేమ, పీచు, బూడిద (ప్యాకెట్ మీద ‘యాష్’ అని ఉంటుంది) శాతాలు తీసేస్తే మిగిలేది పిండి. బూడిద శాతం రాయకపోతే డ్రై ఫుడ్‌కి 8, వెట్ ఫుడ్‌కి 2 అనుకోండి. ఉదాహరణకు ఒక డ్రై ఫుడ్‌లో ప్రోటీన్ 32, కొవ్వు 10, తేమ 10, పీచు 4, బూడిద 8 ఉంటే, పిండి 36 శాతం. కేలరీలుగా మార్చడానికి ప్రోటీన్‌ని, పిండిని 3.5తో, కొవ్వును 8.5తో గుణించండి. 112, 126, 85 వస్తాయి. మొత్తం 323లో పిండి వాటా 126, అంటే 39 శాతం. అదే ఒక వెట్ పౌచ్‌లో ప్రోటీన్ 9, కొవ్వు 4, తేమ 82, పీచు 0.5, బూడిద 2 ఉంటే పిండి 2.5 మాత్రమే. కేలరీల్లో సుమారు 12 శాతం. గింజలు గట్టిగా, ఒకే ఆకారంలో రావాలంటే పిండి కలపక తప్పదు కాబట్టి డ్రై ఫుడ్ చాలావరకు ఈ హద్దు దాటిపోతుంది. వెట్ ఫుడ్‌లో కూడా గ్రేవీ రకాల కంటే ముద్దలా ఉండే రకాలు మేలు.

ఖర్చు భరించలేక ఉడికించిన చికెన్ మీదే నడపాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేని, ఎముకల్లేని చికెన్ పిల్లికి మంచిదే. కానీ అదొక్కటే నెలల తరబడి పెడితే క్యాల్షియం, టారిన్ అనే పోషకం అందవు. టారిన్ లోపిస్తే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. ఉడికించినప్పుడు టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది, కాబట్టి ఆ నీళ్ళు పారబోయకుండా చికెన్‌తోనే కలిపి పెట్టాలి. ఇంటి తిండి మీదే నడపాలంటే టారిన్, క్యాల్షియం ఎంత కలపాలో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. కిడ్నీ జబ్బు కూడా ఉంటే తిండి లెక్క మారుతుంది, అదీ డాక్టర్ చెప్పాల్సిందే.

ఇప్పుడు ముఖ్యమైన జాగ్రత్త. ఇన్సులిన్ నడుస్తుండగా పిండి తక్కువ తిండికి మారితే, ఇన్సులిన్ అవసరం కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. నిన్నటిదాకా సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువైపోతుంది. అందుకే 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, ఆ రోజుల్లో తప్పనిసరిగా షుగర్ చూడండి, మారుస్తున్నట్టు డాక్టర్‌కు ముందే చెప్పండి.

4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. లావుగా ఉంటే బరువు తగ్గించాలి, కానీ వారానికి శరీర బరువులో 1 శాతం మించకుండా. పిల్లిని పస్తు పెట్టవద్దు. లావు పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది.

ముందు రక్తపు చుక్క, తర్వాత గిన్నె, ఆ తర్వాతే సూది

మీ ఇంటికి కుదిరే రెండు సమయాలు ఎంచుకోండి, మధ్యలో 12 గంటలు ఉండాలి. ఉదయం 7, రాత్రి 7 చాలా ఇళ్ళలో కుదురుతుంది. అరగంట అటూ ఇటూ అయితే ఏమీ కాదు. రోజు తిండిలో సగం ఉదయం సూది వేళ, సగం రాత్రి సూది వేళ పెట్టండి. గ్లార్జిన్ వాడే పిల్లి మధ్యలో కొంచెం కొంచెం తిన్నా ఇబ్బంది లేదు, మొత్తం కొలత దాటకూడదంతే.

గిన్నె పెట్టి తింటుందో లేదో కళ్ళారా చూడండి. మామూలుగా తింటే డోసు వేయండి. ముట్టుకోకపోయినా, తిని కక్కేసినా వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. సగం తింటే డాక్టర్ రాసిచ్చిన కాగితం ప్రకారం చేయండి.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, సూది వేసిన వెంటనే టైము, డోసు, వేసినవాళ్ళ పేరు రాయాలి. ఉమ్మడి ఇంట్లో ఇది ప్రాణాలు కాపాడే కాగితం. “అత్తయ్య వేసుంటారులే” అని కోడలు, “కోడలు వేయలేదేమో” అని అత్తగారు అనుకునే చోటే రెండు డోసులు పడతాయి. కాగితం మీద లేకపోతే, ఎవరు వేశారో తేలే దాకా ఎవరూ వేయకూడదు. తేలకపోతే ఆ పూటకు మానేయండి. పూట తప్పితే మరుసటి పూట మామూలు డోసే వేయండి, తప్పిన దాన్ని కలిపి వేయకండి. పిల్లలకూ, పనమ్మాయికీ, పిల్లిని ముద్దు చేసే పక్కింటివాళ్ళకూ బిస్కెట్ పెట్టొద్దని చెప్పండి.

సూది వేయడానికి మెడ వెనక చర్మం అందరికీ తోచే చోటు. కానీ అక్కడ రక్తప్రసరణ తక్కువ. పక్కటెముకల పక్కన, పొట్ట పక్కల వేస్తే ఇన్సులిన్ ఒకే తీరుగా ఒంటికి పడుతుంది. రోజూ చోటు మార్చండి: ఉదయం కుడి, రాత్రి ఎడమ అనుకుంటే గుర్తుంటుంది.

1. సిరంజిలో కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ ఇన్సులిన్ లాగండి. సూది పైకి పెట్టి, గోటితో తట్టి బుడగలను పైకి తెప్పించి, సీసాలోకే వెనక్కి తోస్తూ సరైన గీత దగ్గర ఆపండి. చర్మం కింద బుడగ వెళ్తే హాని లేదు, కానీ 1 యూనిట్‌లో బుడగ ఉంటే డోసు తగ్గిపోతుంది.
2. పిల్లి గిన్నె దగ్గరుండగానే, ఎడమ చేత్తో చర్మాన్ని పైకి లాగి చిన్న గుడారంలా పట్టుకోండి.
3. సూది కోసు పైకి ఉండేలా, గుడారం అడుగున, ఏటవాలుగా గుచ్చండి. 31 గేజ్ సూది చాలా సన్నం. చాలా పిల్లులు తలెత్తి కూడా చూడవు.
4. ప్లంజర్ పూర్తిగా నొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి బయటకు తీయండి.
5. ఆ చోట బొచ్చును వేలితో తడమండి. తడిగా ఉండి, మందు వాసన వస్తే సూది చర్మం దాటి బొచ్చులోకి వెళ్ళిందన్నమాట. ఎంత లోపలికి పోయిందో తెలియదు కాబట్టి మళ్ళీ వేయకూడదు.

వాడిన సిరంజిని మళ్ళీ వాడవద్దు. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, నిండాక ఆస్పత్రిలో ఇవ్వండి. మామూలు చెత్తలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటుంది.

చెవి అంచు నుంచి చుక్క

ఇంట్లో షుగర్ చూడటం నేర్చుకోండి. ఇన్సులిన్ వేయడం కంటే ఇదే కాస్త కష్టం, కానీ మీకు ధైర్యం ఇచ్చేది కూడా ఇదే. చెవిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బయటి అంచు వెంబడే సన్నని రక్తనాళం కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డను అరనిమిషం చెవికి ఆనించి, పొడిగా తుడవండి. చెవి వెనక మడిచిన దూది పెట్టి, ఆ నాళానికీ అంచుకూ మధ్య లాన్సెట్‌తో (చుక్క తీసే చిన్న సూదితో) గుచ్చండి. ఆవగింజంత చుక్క చాలు, గ్లూకోమీటర్ స్ట్రిప్ దాన్ని పీల్చుకుంటుంది. తర్వాత దూదితో కాసేపు అదిమి, చికెన్ ముక్క ఒకటి పెట్టండి. చికెన్ వస్తుందని తెలిశాక చాలా పిల్లులు మీటర్ తీయగానే తామే వచ్చి కూర్చుంటాయి.

మనుషుల గ్లూకోమీటర్లు పిల్లి రక్తంలో సాధారణంగా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. జంతువుల కోసం చేసిన ఆల్ఫాట్రాక్ లాంటివి ఇంకా నికరంగా చెబుతాయి, కానీ స్ట్రిప్పుల ఖర్చు ఎక్కువ. ఏది కొన్నా ఎప్పుడూ అదే వాడండి, ఏ మీటరో డాక్టర్‌కు చెప్పండి. ఒంటికి అతికించే లిబ్రే సెన్సర్ కూడా పిల్లులకు వాడుతున్నారు. 14 రోజుల కోసం చేసిందైనా పిల్లి ఒంటి మీద ముందే ఊడిపోవచ్చు. అది బాగా తక్కువ చూపిస్తే చెవి చుక్కతో సరిచూసుకోండి.

డాక్టర్ వేరే అంకె చెప్పకపోతే, మొదటి వారాల్లో సూదికి ముందు 200 కంటే తక్కువ ఉంటే వేయకుండా ఆగి ఫోన్ చేయండి. రోజులో అత్యంత తక్కువ రీడింగ్ 80కీ 150కీ మధ్య ఉండి, మిగతా వేళల్లో 300 దాటకపోతే బాగా నడుస్తున్నట్టే. 80 కంటే కిందికి వెళ్తే డోసు తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌కు వెంటనే చెప్పండి. డోసు మార్చిన వారం రెండు వారాలకు ఒక రోజంతా రెండు గంటలకోసారి చూసి, 12 గంటల పట్టిక డాక్టర్‌కు పంపండి. ఇంట్లో తీసిన పట్టికకు ఆస్పత్రిలో తీసినదానికంటే విలువ ఎక్కువ, ఎందుకంటే అందులో భయం వల్ల పెరిగిన షుగర్ కలవదు.

చుక్క తీయడం ఎంతకీ కుదరనివాళ్ళు కనీసం నీళ్ళు కొలిచి పోయండి, ట్రేలో ముద్దలు గమనించండి. వారానికోసారి పిల్లిని ఎత్తుకుని బరువు చూసుకుని, మీ బరువు తీసేసి రాయండి.

షుగర్ డౌన్ అయితే

తూలుతూ నడవడం, ఒళ్ళు వణకడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, వింతగా అరవడం, మూలకు పోయి దాక్కోవడం, కనుపాపలు పెద్దవి కావడం, చివరికి ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా, లేదా ఏ లక్షణం లేకున్నా మీటర్ 60 కంటే తక్కువ చూపినా, వెంటనే పని మొదలుపెట్టాలి.

తెలివిగా ఉండి తినగలిగితే దాని తిండి పెట్టండి, తేనె కాస్త కలపండి. ఇలాంటప్పుడు పిండి ఎక్కువున్న డ్రై ఫుడ్ కూడా మంచిదే. తినలేకపోతే ఒక చెంచా తేనె గానీ చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ వేలితో చిగుళ్ళకు రాయండి. గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే వేలు పళ్ళ మధ్యకు పోకుండా చిగుళ్ళ బయటి వైపే రాసి, అలాగే ఆస్పత్రికి బయల్దేరండి. తేనె రాశాక కోలుకుందని అక్కడితో ఆపకండి. లోపల ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ మళ్ళీ పడిపోతుంది. పావుగంట, అరగంటకోసారి చూస్తూ డాక్టర్ మాట ప్రకారం నడవండి. తేనె సీసా, డాక్టర్ నంబర్ ఫ్రిజ్ దగ్గరే ఉంచండి.

దీనికి రెండో వైపు కీటోన్ల ప్రమాదం. ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకుంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. తినడం మానేయడం, వాంతులు, నీరసంగా పడి ఉండటం, నోట్లోంచి నెయిల్ పాలిష్ తీసే మందు లాంటి వాసన దాని గుర్తులు. మందుల షాపుల్లో దొరికే కీటో-డయాస్టిక్స్ అనే స్ట్రిప్పులతో ట్రేలోని తాజా మూత్రాన్ని పరీక్షించవచ్చు. కీటోన్లు కనిపించి పిల్లి నీరసంగా కూడా ఉంటే తెల్లారే దాకా ఆగకండి. సెలైన్, ఆస్పత్రి వైద్యం కావాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. అక్కడ బెక్సాక్యాట్‌కి 2022 డిసెంబరులో, సెన్వెల్గోకి 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. రోజుకోసారి నోటి ద్వారా ఇచ్చే మందులు కాబట్టి సూది బాధ ఉండదు. అయితే అవి ఇంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకే. వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరగవచ్చు. ఇన్సులిన్ వాడుతున్న పిల్లిని సొంతంగా వాటికి మార్చకండి.

కొన్ని నెలల తర్వాత

జబ్బు తొందరగా పట్టుకుని, తిండి సరిగా మార్చి, షుగర్ అదుపులో ఉంచితే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. పాత స్టెరాయిడ్ వల్ల వచ్చిన షుగర్‌లో ఈ అవకాశం ఇంకా బాగుంటుంది. ఇది చెప్పాపెట్టకుండా మొదలవుతుంది. అదే డోసుకు రీడింగులు రోజురోజుకూ తగ్గుతూ 150, 110, 90 అని వస్తుంటాయి. ఇంట్లో చూడనివాళ్ళకు ఈ సంగతి తెలిసేసరికి పిల్లి తూలుతూ ఉంటుంది. చూసేవాళ్ళు డాక్టర్‌కు చెప్పి అర యూనిట్ చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. ఇన్సులిన్ ఆపాక నాలుగు వారాలు షుగర్ మామూలుగా ఉంటే అప్పుడు తగ్గినట్టు లెక్క.

దీనికి విరుద్ధంగా డోసు పెరుగుతూ పోతున్నా షుగర్ దిగకపోతే ఇన్సులిన్ పాడైందా, సూది సరిగా పడుతోందా, పళ్ళు, మూత్రం బాగున్నాయా అని ముందు చూడాలి. ఇవేవీ కాకపోతే ఎక్రోమెగలీ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. గ్రోత్ హార్మోన్ ఎక్కువ కావడం వల్ల వచ్చే ఈ జబ్బులో ఎంత ఇన్సులిన్ వేసినా చాలదు, షుగర్ ఉండి కూడా పిల్లి బరువు పెరుగుతుంది.

పెళ్ళిళ్ళకు, ఊళ్ళకు వెళ్ళే రోజులు వస్తాయి. ఆ రోజు కోసం ఇంట్లో ఇంకొకరికి ఇప్పుడే సూది వేయడం నేర్పండి. మీ ఎదుటే కొన్ని పూటలు వాళ్ళ చేత వేయించండి. ఇన్సులిన్ ఆపేసిన పిల్లికైనా పిండి తక్కువ తిండే కొనసాగించి, వారానికోసారి షుగర్ చూడండి. ఏ డాక్టర్ దగ్గరికి ఏ పని మీద వెళ్ళినా, దురదకు సూది వేసేముందు “దీనికి షుగర్ వచ్చి తగ్గింది, స్టెరాయిడ్ వద్దు” అని చెప్పండి.